గేటు లోపలి మాటలు

ఆ ఫ్యాక్టరీలో తుమ్మొస్తే ముందు చెయ్యెత్తాలి. చెయ్యెత్తి, బల్ల మీదున్న గాజు మూతను తీగల మీదకు లాగి, ఆ తర్వాతే తుమ్మాలి. అంతదాకా తుమ్ము ఆగకపోతే కుర్చీ దిగి, మోకాళ్ళ మీద కూర్చుని, ఎగిరిపోయిన ముక్క దొరికేదాకా నేలంతా వెతకాలి. ఊడ్చిన చెత్తను చెత్తకుండీలో వేయరు, ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేస్తారు. చేతులు కడిగిన నీళ్ళు కాలవలోకి పోవు, పీపాలో నిలవుంటాయి. చీపురుకు సొంత బీరువా ఉంది. ఉద్యోగం మానేసేవాళ్ళు తమ చెప్పులు అక్కడే వదిలి, కంపెనీ ఇచ్చిన కొత్త జత తొడుక్కుని ఇంటికి పోవాలి. పాత చెప్పుల అడుగున ఎన్నాళ్ళ ప్లాటినం పేరుకుని ఉందో ఎవరికి తెలుసు? వాటిని కాల్చి బూడిద జల్లెడ పడతారు.

ఇంత భాగోతానికీ కారణం వెంట్రుకంత లావు కూడా లేని తీగ. గుండె దగ్గరికి రక్తనాళంలోంచి పంపే సన్నటి గొట్టాల చివర దాన్ని స్ప్రింగులా చుట్టి పెడతారు. ఎక్స్‌రేలో గొట్టం కనబడదు, ఆ చుట్ట మాత్రం స్పష్టంగా కనబడుతుంది. గొట్టం ఎందాకా వెళ్ళిందో డాక్టరుకు తెలిసేది దాని వల్లే. అది ప్లాటినం కాబట్టి గోటి సందులో ఇరుక్కున్న ముక్కకు కూడా పెళ్ళికొడుకు మర్యాదలు జరిగేవి.

ఆ తీగ చుట్టేవాళ్ళలో అందరికంటే పాతమనిషి వదిన. ఆమెకు తల్లిదండ్రులు పెట్టిన పేరొకటి ఉంది గానీ, అది జీతం ఇచ్చేటప్పుడు తప్ప ఎవరికీ గుర్తురాదు. మేనేజరు కూడా వదినగారూ అనే పిలుస్తాడు. ఎందుకంటే ఆడవాళ్ళ గేటు దగ్గర తనిఖీ చేసే ఆవిడ ఈమెకు సొంత మరదలు, తమ్ముడి భార్య. రోజూ సాయంత్రం తనిఖీ గదిలోంచి “వదినా, రండి” అన్న పిలుపు వినీ వినీ, వరసలో నిలబడ్డవాళ్ళందరికీ ఆమె వదినైపోయింది.

తనిఖీ గది పెద్దదేం కాదు. ఒక స్టూలు, ఒక కుర్చీ, మెడ వంచే దీపం, తెల్లటి పళ్ళెం, సన్నపళ్ళ దువ్వెన. తీగ చుట్టే ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి స్టూలు మీద కూర్చుని జడ విప్పాలి. మరదలు వెనక కుర్చీలో కూర్చుని, పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని, జుట్టంతా అందులోకి దువ్వాలి. ముక్కలేవైనా రాలితే పట్టకారుతో తీసి సీసాలో వేయాలి. దువ్వేముందు ఒక ప్రశ్న అడగాలని నిబంధన: “ఒంటి మీద గానీ, బట్టల్లో గానీ, జుట్టులో గానీ తీగ ఏమైనా ఉందా?” దానికి నోటితో జవాబు చెప్పాలి. తల ఊపితే చెల్లదు.

ఆ నిబంధన పెట్టిన మహానుభావుడెవరో గానీ, తనకు తెలియకుండానే ఒక ఇంటిని నిలబెట్టాడు. ఎందుకంటే వదినా మరదళ్ళిద్దరూ ఒకే ఇంట్లో ఉంటూ, ఆ గదిలో తప్ప ఇంకెక్కడా మాట్లాడుకోరు.

గొడవ మరదలు ఆ ఉద్యోగంలో చేరిన కొత్తలోది. ఒక సాయంత్రం వదిన జడలోంచి గోరంత ప్లాటినం ముక్క రాలింది. రాలిన ముక్క బియ్యపు గింజంత పొడవు దాటితే చెయ్యెత్తి అందరికీ వినబడేలా చెప్పాలని అప్పట్లో రూలు. మరదలు చెయ్యెత్తి చెప్పేసింది. వదినను మేనేజరు గదిలో కూర్చోబెట్టారు, ఎదురుగా తెల్లకాగితం మీద ఆ ముక్కను పెట్టారు. మనిషీ ముక్కా అలా ఎదురెదురుగా చాలాసేపు కూర్చున్నాక, పొరపాటున అంటుకున్నదేనని తేల్చి వదిలేశారు.

వదిన బయటికొచ్చేసరికి మరదలు గేటు అవతల ఎదురుచూస్తూ ఉంది. గుట్టుచప్పుడు కాకుండా సీసాలో వేసేస్తే నీ సొమ్మేం పోయేదని నిలదీసింది వదిన. మీకు అలా చేస్తే అందరికీ చేయాలిగా వదినా, అంది మరదలు. అది న్యాయమైన మాట కావడంతో వదినకు ఒళ్ళు ఇంకా మండింది.

“ఈ గేటు దాటాక నీతో ఒక్క ముక్క మాట్లాడితే ఒట్టు” అనేసింది.

కోపంలో అన్న మాట, నాలుగు రోజుల్లో చల్లారిపోవాల్సింది. కానీ ఇద్దరూ పంతానికి పోటీ పెడితే ఎవరు గెలిచేదీ చెప్పలేని మనుషులు. మర్నాడు సాయంత్రం స్టూలు మీద కూర్చున్నాక నిబంధన ప్రశ్నకు జవాబు చెప్పక తప్పలేదు. గేటు లోపలే కాబట్టి ఒట్టుకు భంగం లేదని తనకు తాను సర్దిచెప్పుకుని, లేదు అంది వదిన. కాసేపాగి, మెల్లిగా దువ్వు, పీకుతోంది, అంది. నూనె పెట్టుకుంటే పీకదు, అంది మరదలు. అలా మొదలైంది.

ఆ తర్వాత ఆ ఇంటి వ్యవహారాలన్నీ పళ్ళెం మీదే తేలేవి. సున్నం ఏ రంగు వేయించాలి, కుళాయి ఎవరితో బాగుచేయించాలి, తమ్ముడి దగ్గు ఎందుకు తగ్గట్లేదు, అన్నీ అక్కడే. చిక్కు సమస్య ఉన్నరోజు జుట్టులో చిక్కు కూడా ఎక్కువుండేది, అంటే మరదలు దువ్వడం అంతసేపు సాగేది. వెనక లైన్లో వాళ్ళు బస్సు పోతోందని గొణుగుతూనే చెవులు అటే వేసేవారు. ఇంటికి ఆకుపచ్చ రంగు వేయించమని సలహా ఇచ్చింది ఆ లైన్లో వాళ్ళే. ఇప్పటికీ ఆ ఇల్లు ఆకుపచ్చగా, చూడలేనట్టు ఉంటుంది.

ఇంట్లో మాత్రం తమ్ముడే దిక్కు. ముందుగదిలో మిషను పెట్టుకుని బడిపిల్లల యూనిఫాంలు కుట్టే మెత్తటి మనిషి. కూరలో ఉప్పెక్కువైందని మీ ఆవిడతో చెప్పరా అని అక్క అంటే, వంటగదిలోకి వెళ్ళి, కూర బాగుందంటోంది అక్క, అని చెప్పేవాడు. అయితే రేపటి నుంచి మీ అక్కనే వండమనండి అని భార్య అంటే, వెనక్కి వచ్చి, రేపు కూడా తనే వండుతుందట, అని చెప్పేవాడు. ఆ రెండు గదుల మధ్య తలుపు కూడా లేదు. ఎవరి మాట ఎవరికైనా శుభ్రంగా వినబడేది. అయినా అతను మోసుకొచ్చేదాకా ఇద్దరూ విననట్టే కూర్చునేవారు.

ఇలా ఏళ్ళు గడిచాయి. ఇంకా గడిచేవే, టంగ్‌స్టన్ రాకపోతే.

ఒక సోమవారం పొద్దున మేనేజరు అందరినీ క్యాంటీన్లో కూర్చోబెట్టి, చేతిలో ఒక చిన్న రీలు పట్టుకుని నిలబడ్డాడు. ఇక మీదట ప్లాటినం ఉండదని, దాని బదులు టంగ్‌స్టన్ తీగ వాడతామని చెప్పాడు. ఎక్స్‌రేలో బాగా కనబడుతుందట, గట్టిదట, పైన పల్చటి బంగారు పూత వేసి ఇస్తారట, అన్నిటికీ మించి చవకట. పాతకాలపు బల్బుల్లో వెలిగే తీగ ఇదేనని కూడా చెప్పి తప్పు చేశాడు. బల్బు తీగ తీసుకెళ్ళి గుండెలో పెడతారా అని వెనక నుంచి ఎవరో అడిగారు. పెట్టేది వెలిగించడానికి కాదని మేనేజరు చిలక్కి చెప్పినట్టు చెప్పాడు.

“ఇంకో శుభవార్త. సాయంత్రం తనిఖీ ఈరోజు నుంచి లేదు. తుమ్మాలనుకున్నవాళ్ళు హాయిగా తుమ్మండి” అన్నాడు చివర్లో.

క్యాంటీన్ చప్పట్లతో మోగిపోయింది. ఇద్దరు ముగ్గురు అప్పటికప్పుడు తుమ్మి చూశారు. వదిన చేతులు మాత్రం ఒళ్ళోనే ఉండిపోయాయి. అంతకుముందు శనివారం సాయంత్రమే మరదలు దువ్వుతూ దువ్వుతూ ఆగి, వదినా మీకొక మాట చెప్పాలి, ఎలా చెప్పాలో తెలియట్లేదు, అంది. ఆ గొంతు మామూలుగా లేదు. అంతలో వెనక బస్సు గోల మొదలైతే, సోమవారం చెబుదువుగానిలే అని వదినే లేచి జడ అల్లుకుంది. ఇప్పుడా సోమవారం వచ్చింది, స్టూలు పోయింది. ఆ మాట ఏమిటో తెలిసే దారి మూసుకుపోయింది.

మరదల్ని ముందువైపు ఆఫీసులో కూర్చోబెట్టారు. వచ్చేపోయే పెద్దమనుషుల్ని పలకరించి లోపలికి పంపే పని. ఆ ఆఫీసుకు వేరే గేటు, వేరే వేళలు. తీగ చుట్టేవాళ్ళు అటు తొంగిచూడ్డానికి కూడా వీల్లేదు. 

ఒట్టు తీసి గట్టున పెట్టి ఇంట్లోనే అడిగేయొచ్చు కదా అని ఎవరైనా అంటారు. అనేవాళ్ళు అన్నేళ్ళు ఒట్టు మోసినవాళ్ళు కారు. ఇప్పుడు నోరు తెరిస్తే ఇన్నాళ్ళూ మూసుకున్నదంతా ఉత్త తెలివితక్కువతనమని ఒప్పుకున్నట్టే. వదినకు అది తెలుసు, అందుకే భయం. తమ్ముడిని పిలిచి, నాతో ఏదో చెప్పాలంది, ఏంటో కనుక్కోరా, అంది. అది మీతో చెప్పే మాట కాదండీ, అంది వంటగదిలోంచి మరదలు. తమ్ముడు తిరిగొచ్చి, ఏం లేదంటోందక్కా, అన్నాడు. ఆ రాత్రి వదిన అన్నం సగంలోనే చెయ్యి కడిగేసుకుంది.

బల్ల దగ్గర కూడా ప్రశాంతత లేదు. ప్లాటినం బుద్ధిమంతురాలు, కడ్డీకి చుడితే చుట్టినట్టే ఉండేది. ఈ టంగ్‌స్టన్ పొగరుమోతుది, చుట్టి వదిలితే చాలు విచ్చుకునేది. వదలగానే ఎంత విచ్చుకుంటుందో ముందే లెక్కేసుకుని అంత బిగించి చుట్టాలి. వదిన చేతులు వారం తిరక్కుండా దాని పొగరు అణిచేశాయి గానీ, మనసు మాత్రం దాన్ని క్షమించలేదు. గుండెలోకి వెళ్ళే వస్తువు కదా అని చుట్టడం శ్రద్ధగా చుట్టేది, చుడుతున్నంతసేపూ తిట్టేది.

చివరికి వెళ్ళి మేనేజరునే అడిగింది, తనిఖీ మళ్ళీ పెట్టించమని. మేనేజరు తన ఉద్యోగ జీవితంలో ఇలాంటి కోరిక వినలేదు. ఎందుకమ్మా అంటే, అలవాటైపోయిందండీ, అంది. పోనీ ఆ బంగారు పూత కోసమైనా పెట్టమంది. ఆ పూత గీకి ఒక ముక్కుపుడక చేయించాలంటే మనిద్దరి ఆయుష్షు చాలదని మేనేజరు నవ్వాడు. ఎవరైనా దొంగతనం చేస్తే పెడతారా అని అడిగింది. ఆయన నవ్వు ఆపి, ఆమెకు మంచినీళ్ళు తెప్పించాడు.

అయితే దొంగతనమే చేద్దామనుకుంది వదిన. మొదటిరోజు జడలో తీగముక్కలు గుచ్చుకుని గేటు దగ్గర తిరిగింది. వాచ్‌మన్ చూసి, తలలో ఏదో మెరుస్తోందమ్మా, దులుపుకోండి, అన్నాడు. మర్నాడు గుప్పెడు ముక్కలు రుమాల్లో మూటకట్టుకుని వచ్చి, నా దగ్గర తీగ ఉంది, పట్టుకో, అంది. పాపం బరువుగా ఉందేమోనని అతను మూట అందుకుని బస్సు దాకా మోసుకొచ్చాడు. మూడోసారి ఏకంగా ఒక రీలే చంకలో పెట్టుకుని బయల్దేరింది. ఈసారి కబురు మేనేజరు దాకా వెళ్ళింది. ఇక తనిఖీ వచ్చినట్టే అనుకుంది వదిన. కానీ మర్నాడు ఆయన అందరినీ మళ్ళీ క్యాంటీన్లో కూర్చోబెట్టి, కొత్త తీగ మీద ప్రేమతో ఇంటికి తీసుకెళ్ళి మరీ సాధన చేస్తున్న ఈమెను చూసి నేర్చుకోమని చెప్పి, ఆమె చేతిలో ఒక గోడగడియారం పెట్టాడు. దొంగతనానికి బహుమతి పుచ్చుకున్న మనిషి ఆ ఫ్యాక్టరీలో ఆమె ఒక్కతే. ఆ గడియారం మోసుకుని ఇంటికి వెళుతుంటే వదినకు ఏడుపొచ్చింది.

ఇంతలో ముందు ఆఫీసు నుంచి ఒక కబురు తీగబల్లల దాకా పాకింది. మరదలు మంచినీళ్ళ యంత్రానికి ఎదురెళ్ళి, రండి సార్, కూర్చోండి, అందట. అది కూర్చోకపోయేసరికి, పర్వాలేదు సార్, మొహమాటపడకండి, అని కూడా అందట. బల్లల దగ్గర అందరూ పడీ పడీ నవ్వారు. తనిఖీ పోయిన దిగులుతో మతి చలించిందని ఒకామె తీర్పు చెప్పింది. వదిన కూడా నవ్వబోయి ఆగింది.

ఆ సాయంత్రం ఇంట్లో ఆమె మరదల్నే గమనిస్తూ కూర్చుంది. మరదలు టీ పోసింది. టీ గ్లాసులో కాకుండా పక్కన పడింది. మరదలు గుడ్డతో తుడిచి, ఈసారి గ్లాసు అంచు వేలితో తడుముకుని పోసింది. ఎవరూ చూడలేదనుకుని కొంగుతో నుదురు ఒత్తుకుంది. వదిన అడగాలని నోరు తెరిచింది. కానీ అన్నేళ్ళ పంతం నాలిక మీద మఠం వేసుకుని కూర్చుంది. తన మీద తనకే అసహ్యం వేసింది.

గబగబా ముందుగదిలోకి వెళ్ళి మిషను చక్రం పట్టుకుని ఆపింది.

“ఆదివారం నాతో ఫ్యాక్టరీకి రమ్మను. మార్చి చెప్పావంటే ఊరుకోను” అంది.

తమ్ముడు వంటగది గుమ్మం దాకా వెళ్ళి, మొట్టమొదటిసారి ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. చెప్పి, అంత సాహసం చేసినందుకు చెమట తుడుచుకున్నాడు.

ఆదివారం ఇద్దరూ మంచి చీరలు కట్టుకుని బస్సెక్కారు. ముందు సీట్లో వదిన, వెనక సీట్లో మరదలు, మధ్యలో మాట లేదు. సెలవురోజు ఎందుకొచ్చారని వాచ్‌మన్ అడిగాడు. మాట్లాడుకోవడానికి అంది వదిన. ఇంట్లో చుట్టాలున్నారా అని అడిగాడతను. లేరంది. ఇక అడిగితే తనకే ఏదో అవుతుందనుకున్నాడో ఏమో, చిన్నతలుపు తీసి పక్కకు తప్పుకున్నాడు.

తనిఖీ గదిని సామాన్ల గది చేసేశారు. టంగ్‌స్టన్ రీళ్ళ పెట్టెలు పైకప్పు దాకా ఉన్నాయి. స్టూలూ కుర్చీ లేవు. వదిన ఒక పెట్టె మీద కూర్చుని, వెనక పెట్టె మీదకు మరదల్ని చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోవడం ఇద్దరికీ రాదు. వదిన వీపు చూపించి జడ విప్పింది. దువ్వెన లేదు. మరదలు వేళ్ళతోనే దువ్వడం మొదలుపెట్టింది.

“ఇప్పుడు చెప్పు” అంది వదిన.

“తీగ నాకు కనబడట్లేదు వదినా.”

“ఇప్పుడు కనబడకపోతే ఏం? తనిఖీ ఎత్తేశారుగా.”

“ఇప్పుడు కాదు. ఎప్పటి నుంచో. పళ్ళెం తెల్లగా కనబడేది, అందులో ఏం పడిందో కనబడేది కాదు. మొత్తం వంచేసి సీసాలో పోసేదాన్ని. మిమ్మల్నందర్నీ ఊరికే దువ్వాను.”

వదినకు ముందు నవ్వొచ్చింది. తమ గట్టి తనిఖీ వల్లే పిసరంత ప్లాటినం కూడా బయటికి పోలేదని మేనేజరు వచ్చినవాళ్ళకల్లా గొప్పలు చెప్పుకునేవాడు. అంతమంది ఆడవాళ్ళు కళ్ళు కనబడని మనిషికి భయపడి రోజూ జడలు విప్పుకున్నారన్నమాట. నవ్వి నవ్వి, ఆ నవ్వు మధ్యలోనే ఆగి, డాక్టరుకు చూపించుకోలేదా అని అడిగింది.

చూపించుకుందట. రెండు కళ్ళలోనూ శుక్లాలన్నాడట. ఆపరేషన్ చేస్తే మళ్ళీ చక్కగా కనబడుతుందని, ఆలస్యం చేయొద్దని చెప్పాడట.

“మరి ఎందుకు చేయించుకోలేదే?”

వేళ్ళు జుట్టులో ఆగిపోయాయి.

“సెలవు పెడితే ఆ కుర్చీలో ఇంకొకరిని కూర్చోబెడతారు. తిరిగి నాకివ్వరు. అప్పుడు మీతో ఎక్కడ మాట్లాడేది వదినా?”

తన నోటి నుంచి ఒక సాయంత్రం జారిన మాటను కాపాడటానికి ఈ పిచ్చిది కళ్ళు పోగొట్టుకోవడానికి సిద్ధపడింది. సిగ్గుతో ఆమె ఒళ్ళంతా కాలింది. అటు తిరిగే ఉంది కాబట్టి కన్నీళ్ళు తుడుచుకోలేదు. రేపే ఆసుపత్రికి వెళ్తున్నాం, అంది వదిన. మరదలు సరేనంది. ఇంకేమైనా ఉంటే ఇప్పుడే చెప్పేయండి వదినా, మళ్ళీ ఆదివారం దాకా కుదరదు, అని కూడా అంది. దాంతో ఇద్దరూ కూడబెట్టుకున్నవన్నీ బయటికి తీశారు. ఉప్పు సంగతి, తమ్ముడి దగ్గు, పక్కింటివాళ్ళ నీళ్ళ గొట్టం, ఆకుపచ్చ రంగు. తాళం వేయాలమ్మా అని వాచ్‌మన్ కేకేసేదాకా ఆగలేదు.

వదిన జడ అల్లుకుని లేచింది. మరదలు ఆమె భుజం పట్టుకుని గేటు దాకా వచ్చింది, గేటు దగ్గర అలవాటు ప్రకారం చెయ్యి తీసేసి దూరం జరిగింది. చిన్నతలుపు దాటి ఇద్దరూ బయటి అరుగు మీదికొచ్చారు. వెనక తలుపు మూసుకుంది. వదిన మెట్లు దిగి రోడ్డు మీదికి చేరి, వెనక్కి తిరిగి చూసింది. మరదలు అరుగు అంచున నిలబడి, కాలు గాల్లో పెట్టి మెట్టు కోసం వెతుకుతోంది. వదిన చూసుకోకుండా పక్కనుంచి దిగేసిన ఆ మెట్టు మీద ఎవరో ఖాళీ చెక్కపెట్టె వదిలేసి పోయారు.

“ఆగు. కాలు తియ్యి. అక్కడ పెట్టె ఉంది” అని అరిచింది వదిన.

మరదలు ఉలిక్కిపడి కాలు వెనక్కి తీసుకుంది. ఆమె మొహం వదిన గొంతు వచ్చిన వైపు తిరిగింది, కానీ సరిగ్గా వదిన వైపు కాదు, కొంచెం పక్కకు.

“వదినా, మనం గేటు దాటేశాం.”

“దాటితే దాటాం” అంది వదిన, పెట్టెను కాలితో పక్కకు తన్ని పైకి ఎక్కుతూ. “ఇటు చెయ్యివ్వు. ఎడమ కాలు ముందు పెట్టు. ఇంకొంచెం. అదే మెట్టు.”